రెడ్యా పేరు రాసిన సీసా

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నా రాతలో ఒత్తులు తప్పిపోతాయి, దీర్ఘాలు కొన్నిచోట్ల మరిచిపోతాను. యాభై రెండేళ్ళ వయసులో మహిళా సంఘం బడిలో పలక పట్టినదాన్ని. ఒక పేజీకి నాకు ఒక పూట కావాలి. పత్తి ఏరే పని లేని రోజుల్లో కూర్చుని కొంచెం కొంచెంగా ఇది రాశాను. చేసింది నేను కాబట్టి చెప్పాల్సింది కూడా నేనే అనిపించింది.

మాది పెద్దవంగర దగ్గర ఒక తండా. ఇంట్లో మా లంబాడీ భాషలోనే మాట్లాడుకుంటాం. ఇక్కడ ఆ మాటలన్నీ తెలుగులో రాస్తున్నాను. నా భర్త బిక్షపతి చనిపోయి పదకొండేళ్ళయింది. పిల్లలు కలగలేదు. నాకున్నది ఒక్కడే తమ్ముడు, రెడ్యా. నాకంటే ఆరేళ్ళు చిన్న. వాడూ వాడి భార్య మంగ్లీ ఉండే ఇల్లూ, నా ఇల్లూ ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉంటాయి.

రెడ్యా భూపాలపల్లిలో ఇరవై రెండేళ్ళు బొగ్గు లారీ నడిపాడు. రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. దగ్గు మొదలైతే టీబీ అని ఆర్నెల్లు మందులు మింగించారు. తగ్గలేదు. వరంగల్‌లో ఫొటో తీస్తే కుడి ఊపిరితిత్తిలో గడ్డ కనిపించింది. దాని చుట్టూ నీరు చేరింది. ఆ నీటిని తీసి చూసి క్యాన్సర్ అన్నారు.

హైదరాబాద్ నుంచి నెలకు రెండు గురువారాలు జనగామకు వచ్చే క్యాన్సర్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళమని ఎవరో చెప్పారు. ఆమె పేరు వనమాల. జనగామ ఆడబిడ్డే, వాళ్ళ బాపు మిర్చి వ్యాపారి. మాతో మా లాగే మాట్లాడేది.

"ఊపిరితిత్తి పొర దాక వచ్చింది. దీన్ని నాలుగో స్టేజి అంటం," అంది ఫొటో చూసి.

"నాలుగో స్టేజి అంటే దిగిపోయే స్టేజేనా మేడం?" అన్నాడు రెడ్యా. డ్రైవర్ కదా, వాడికి స్టేజి అంటే బస్సు ఆగే చోటే.

ఆమె నవ్వలేదు. "గంత తొందరెందుకు? ఏ మందు పని చేస్తదో చూద్దాం. గడ్డ నుంచి ముక్క తియ్యాల్నంటే పక్కనే పెద్ద నరం ఉంది, సూది పెట్టుడు ప్రమాదం. తీసిన నీళ్ళు పరీక్షకు సాలవు. రక్తం పంపిద్దాం."

"గడ్డ ఛాతిల ఉంటే రక్తంల ఏం తెలుస్తది?" అని నేను అడిగాను.

"బస్తా విప్పకుండనే మిర్చి ఘాటు ముక్కుకు తగుల్తది కదమ్మా. గట్లనే. గడ్డ నుంచి కంటికి కనిపించనంత చిన్న తునకలు రాలి రక్తంల తిరుగుతుంటయి. వాటిని పట్టుకుంటే గడ్డ గుణం తెలుస్తది. ఎక్కువున్నయా, తక్కువైనయా అన్నది గూడ తెలుస్తది."

ఆ రిపోర్టు వచ్చేలోగా రెండుసార్లు సెలైన్‌లో మందు ఎక్కించారు. దానితో రెడ్యా చేతి నరాలు గట్టిపడి తాళ్ళలా అయ్యాయి. ఒంట్లో రక్తం పడిపోయింది. అప్పుడు పరీక్ష చేస్తే నా రక్తం సరిపడింది. నా రక్తం ఒక సంచి తీసి వాడికి ఎక్కించారు. మంచం పక్కన నిలబడి ఆ చుక్కలు వాడిలోకి దిగడం నేను చూశాను. అమ్మ పాలు ఇద్దరం తాగినవాళ్ళం, ఇప్పుడు నా రక్తమే వాడిలో తిరుగుతోంది అనుకున్నాను. ఆ అనుకోవడం దగ్గరే తప్పు మొదలైంది.

రక్తం రిపోర్టులో గడ్డ గుణం దొరికింది. దానికి రోజుకొక గోలి ఇచ్చారు. అప్పుడు వానాకాలం మొదలు. నెల తిరగకముందే దగ్గు తగ్గింది. రెడ్యా దేవరుప్పుల దాకా మోటారు సైకిల్ మీద పోయి వచ్చాడు. మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలని డాక్టరమ్మ చెప్పింది. రక్తం మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో తీసేవాళ్ళు. అక్కడినుంచి హైదరాబాద్‌కు పంపేవాళ్ళు. మొదటిసారి తునకలు బాగా తగ్గాయన్నారు. రెండోసారి ఇంకా తగ్గాయన్నారు.

మూడోసారి మిర్చి ఏరే కాలంలో వెళ్ళాం. అంతకు వారం ముందు నుంచి వాడికి ఆకలి లేదు. బస్సులో కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. మంగ్లీ కూలికి పోయింది, తోడుగా నేను వెళ్ళాను.

రక్తం తీసే సౌందర్య మాకు తెలిసిన పిల్లే. ఎడమ చేతికి రెండుసార్లు, కుడి చేతికి ఒకసారి పొడిచింది. సూదిలోకి ఏమీ రాలేదు.

"ఇంకొక్కసారి అన్నా, ఇదే లాస్ట్."

"మూడుసార్ల సంది లాస్ట్ అంటనే ఉన్నవ్ బిడ్డా. బోరు ఏసెటోడు గూడ గిన్ని పొక్కలు పొడువడు. నీళ్ళు లేనికాడ ఎంత పొడిస్తే ఏమొస్తది?" అన్నాడు రెడ్యా. నవ్వుతూనే అన్నాడు కానీ నుదుటి మీద చెమట పట్టింది. నాలుగోసారి పొడిచేసరికి కళ్ళు తేలేశాడు. నేనూ సౌందర్యా పట్టుకుని బయట మెట్ల మీద కూర్చోబెట్టాం.

"ఇగ నేనియ్య. నన్ను ఇంటికి తోల్కపో అక్కా," అన్నాడు.

"పెద్దమ్మా, జర నీళ్ళు తాపి కూసోబెట్టు. నేను వార్డుకు పోయొస్త," అంది సౌందర్య. "పన్నెండింటికి హైదరాబాద్ బండి పోతది. గది తప్పితే మళ్ళ సోమారమే."

వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. వీపు మీద ఎముకలు అంగీలోంచి కనబడుతున్నాయి. సోమవారం మళ్ళీ ఇంత దూరం తీసుకురావాలి, మళ్ళీ ఇట్లాగే పొడిపించాలి.

అప్పుడు లోపలినుంచి కొత్త గొంతు వినిపించింది. "రెడ్యా ఎవరండీ? రెడ్యా!"

విజయవాడ వైపు నుంచి కొత్తగా వచ్చిన రాహుల్ అనే ఉద్యోగి అతను. వాడిని మెట్ల మీదే ఉంచి లోపలికి వెళ్ళాను. బల్ల మీద రెడ్యా పేరు రాసిన సీసా ఖాళీగా ఉంది. మా లంబాడీ పేర్లలో ఏది ఆడదో ఏది మగదో బయటివాళ్ళకు తెలియదు. అతను గడియారం చూస్తున్నాడు.

"నేనే," అన్నాను.

"రండమ్మా, చెయ్యి చాపండి. ఆలస్యమైపోతోంది."

కూర్చున్నాను. చెయ్యి చాపాను. ఒక్క పోటుకే రక్తం వచ్చింది. నా సగం వయసువాళ్ళకు కూడా ఇంత మంచి నరం ఉండదని అతను మెచ్చుకున్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. తమ్ముడి నొప్పి నేను తీసుకున్నాను, అంతే కదా, రక్తం ఎవరి చేతినుంచి వస్తే ఏమిటి అనుకున్నాను.

బయటికి వచ్చి, "నాలుగోసారి పొడిచినప్పుడు వచ్చిందే సరిపోయిందట తమ్మీ. పోదాం పా," అన్నాను. వాడు ఎదురు అడగలేదు. గేటు దగ్గర సౌందర్య ఎదురైతే, వాడు ముందుకు నడిచాక, "రాహుల్ తీసిండు," అని చెప్పాను. "దొరికిందా నరం? శభాష్," అంది.

రెండు వారాల తర్వాత గురువారం ముగ్గురం జనగామ వెళ్ళాం. డాక్టరమ్మ రిపోర్టు చూసి కుర్చీలో ముందుకు జరిగింది. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

"రెడ్యన్నా, నీ రక్తంల ఒక్క తునక గూడ కనిపించలే! మందు మంచిగ పని చేస్తున్నది."

మంగ్లీ కొంగుతో నోరు మూసుకుని ఏడ్చింది. రెడ్యా, "అయితే మేడం, నేను స్టేజి దిగకుండ బండి ముందుకు పోతున్నట్టేనా?" అన్నాడు. ఈసారి డాక్టరమ్మ కూడా నవ్వింది.

నేనూ నవ్వాను. నవ్వుతూనే, ఎందుకో తెలియదు, ఒక మాట అడిగాను. "మేడం, తోడబుట్టినోల్ల రక్తంల గూడ గట్లనే ఉంటదా?"

"నీకేం భయం లేదమ్మా. ఇది పుట్టుకతోని వచ్చింది కాదు. గడ్డ నుంచి రాలేది. గడ్డ ఉన్నోల్ల రక్తంలనే దొరుకుతది. నీ రక్తం తీస్తే ఏముంటది? ఏం ఉండది."

ఆ తర్వాత ఆమె ఏం చెప్పిందో సగం వినలేదు. ఈ నెల తీయాల్సిన స్కానింగ్ ఇప్పుడు అవసరం లేదని, మూడు నెలల తర్వాత రమ్మని మాత్రం వినిపించింది. నేను అడిగానని ఎప్పుడూ చీటీ కింద ఆమె తెలుగులో ఒక ముక్క రాసిచ్చేది. ఆ రోజు రాసింది: "జబ్బు జాడ కనిపించలేదు."

అక్కడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. రెడ్యా మంగ్లీ భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. ఏడాదిగా వాడి ముఖం అలా లేదు. చీటీ మడిచి కొంగున కట్టుకున్నాను. బస్టాండులో వాడు మాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టాడు. నాది నా చేతిలోనే చల్లారిపోయింది.

ఆ రోజునుంచి నాకు భయం తప్ప వేరే పని లేదు. చెప్తే పోలీసులు వస్తారేమో. ఆ రాహుల్ ఉద్యోగం పోతుందేమో. మోసం చేశారని గోలీలు ఆపేస్తారేమో. చెప్పకపోతే ఏమవుతుందో దాన్ని తలుచుకునే ధైర్యం మాత్రం రాలేదు. పొద్దున లేవగానే వాకిలి అవతల వాడు దగ్గుతాడేమో అని చెవి పెట్టి వినేదాన్ని. దగ్గితే గుండె జారేది. దగ్గకపోతే ఊపిరి ఉందా లేదా అని తొంగి చూసేదాన్ని.

"ఏందే అక్కా, నేను మంచిగైతే నువ్వు ఎండిపోతున్నవ్?" అనేవాడు.

మంగ్లీ మొక్కు తీర్చుకుంటానంది. మా ఆచారంలో నిప్పుల మీద నెయ్యి, బెల్లపు అన్నం వేసి దేవతకు మొక్కుతాం. భోగ్ అంటాం. ఒక ఆదివారం పొద్దున తండావాళ్ళు పాతిక మంది వాకిట్లో చేరారు. నెయ్యి గిన్నె తెచ్చి మంగ్లీ నా చేతిలో పెట్టింది.

"నువ్వు పొయ్యి వదినా. నీ రక్తం ఇచ్చి బతికిచ్చుకున్న తమ్ముడు."

ఆమె ఆ ఎక్కించిన సంచి గురించి అంటోంది. "నాతోని కాదు మంగ్లీ. నువ్వే పొయ్యి."

"మొగుడు లేనిదాన్నని ఎనుకకు పోతున్నవా? మన కాడ గవేం నడువయి. పెద్ద ఆడబిడ్డవు, నువ్వే పొయ్యాలె."

అందరూ చూస్తున్నారు. పోశాను. నెయ్యి పడగానే నిప్పుల మీద మంట భగ్గున లేచింది. మంట లేస్తే తల్లి మొక్కు అందుకున్నట్టు. అందరూ జై కొట్టారు. నాకు ఆ వేడి ముఖానికి తగులుతుంటే ఒళ్ళంతా చల్లబడింది. తల్లి అందుకున్నది దేన్ని? రెడ్యా బాగయ్యాడని నేను చెప్పిన అబద్ధాన్నా?

ఆ మధ్యాహ్నం వచ్చినవాళ్ళకు అన్నం పెట్టి, రెడ్యా వాకిలి దాటి వేప నీడకు నడుస్తున్నాడు. వాడి కుడి చెప్పు కాలినుంచి జారి వెనకే ఉండిపోయింది. వాడు ఆగలేదు. ఉత్త కాలితో, ఆ ఎండకు కాలిన మట్టి మీద పది అడుగులు నడిచాడు. కూర్చున్నాక కూడా చూసుకోలేదు. నేను చెప్పు తీసుకెళ్ళి ముందు పెడితే, "అరె, ఎప్పుడు ఊడింది?" అన్నాడు. పొద్దున్నే తల నొస్తోందని, అది ఎండదెబ్బ అని కూడా అన్నాడు.

గురువారం దాకా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు నేను అన్నం ముద్ద మింగలేకపోయాను. గురువారం మొదటి బస్సుకు ఒక్కదాన్నే జనగామ వెళ్ళాను. నా వంతు వచ్చి లోపలికి పోతే డాక్టరమ్మ నా వెనక చూసింది.

"రెడ్యన్న ఏడి?"

"రాలే మేడం. గా రక్తం వానిది కాదు. నాది."

ఆమెకు మొదట అర్థం కాలేదు. మెట్ల దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. చెప్తున్నంతసేపు ఆమె కలం టోపీ పెడుతూ తీస్తూ ఉంది. చివరికి కలం బల్ల మీద పెట్టేసింది.

"నువ్వు ఏం చేసినవో నీకు ఎరుకేనా అమ్మా? నీ రక్తం చూసి ఆయన స్కానింగ్ ఆపిన నేను."

"పోలీసులకు చెప్పుండ్రి మేడం. కాని వాని గోలీలు బందు చెయ్యకుండ్రి. గా రక్తం తీసినాయనను గూడ ఏమనకుండ్రి. నేనే అని చెప్పింది నేను."

"పేరు ఒక్కటే చూసి సూది పెట్టుడు ఆయన తప్పే. గది నేను మాట్లాడుత." రిపోర్టు ముందుకు లాక్కుంది. "ఎన్ని దినాలయింది?"

"రక్తం ఇచ్చి నలభై మూడు. మీరు నవ్విన రోజు, ఈ రోజు గూడ లెక్కేస్తే ఇరవై తొమ్మిది."

ఆమె కళ్ళు దించుకుంది. "ఆయనకు తల నొప్పి, నడకల తేడా, ఏమన్న ఉన్నయా?"

చెప్పు సంగతి చెప్పాను. జారినా తెలియలేదని, ఎండలో కాలు కాలినా తెలియలేదని చెప్పాను. ఆమె ముఖం మారింది. ఆ మార్పు చూసి నేను బల్ల అంచు పట్టుకున్నాను.

"రేపే తోల్కరా. హైదరాబాద్‌ల తలకు స్కానింగ్ తీపిద్దాం. రక్తం నేనే దగ్గరుండి తీస్త."

ఇంటికి పోయి చెప్పడం డాక్టరమ్మకు చెప్పడం కంటే కష్టమైంది. మంగ్లీ చేతిలో చేట ఉంది. అది నేలకేసి కొట్టింది. "నీ కడుపుల ఒక్కడు పుడితే తెలుస్తుండె," అంది. "నా గడప తొక్కకు." రెడ్యా మంచం మీద కూర్చుని నా వైపు చూశాడు.

"అయితే అక్కా, నెల దినాల సంది నేను సంబురపడ్డది నీ ఆరోగ్యానికా?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే నాకు తేలికయ్యేది.

మర్నాడు హైదరాబాద్‌లో వాడి చేతికి వేడినీళ్ళ గుడ్డ చుట్టి, రెండు చెంబుల నీళ్ళు తాగించి, అరగంట తర్వాత డాక్టరమ్మే మణికట్టు పైన సూది పెట్టింది. పేరు, వయసు, ఊరు వాడి నోటితోనే చెప్పించింది.

"అక్కను బయటికి పంపుండ్రి మేడం," అన్నాడు రెడ్యా. "ఖాళీ సీసా కనబడితే ఆమె చెయ్యి ఊకోదు."

నర్సులు నవ్వారు. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

స్కానింగులో తలలో రెండు చిన్న మచ్చలు కనిపించాయి. రక్తం రిపోర్టు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ మంగ్లీ నాతో మాట్లాడలేదు. బావి దగ్గర నా బిందె పక్కన తన బిందె పెట్టలేదు. ఫోను మోగితే ఇద్దరం వాకిట్లోకి పరిగెత్తుకొచ్చేవాళ్ళం. మామూలు ఫోనని తెలిసి ఒకరినొకరం చూడకుండా లోపలికి పోయేవాళ్ళం.

రిపోర్టు వచ్చింది. వాడి అసలు రక్తంలో తునకలు చాలా ఉన్నాయి. డిసెంబరులో, అంటే రెండోసారి ఇచ్చినప్పటికంటే ఎన్నో రెట్లు. గడ్డ మందును తప్పించుకునే కొత్త గుణం తెచ్చుకుంది. పాత గోలి ఇక పని చేయదు.

"కాని గీ కొత్త గుణానికి వేరే గోలి ఉంది," అంది డాక్టరమ్మ. "తల దాక పోయే మందు. రక్తంల గీ గుణం దొరకకపోతే గది ఇచ్చుడు కాకపోతుండె. తలకు కరెంటు, గదే రేడియేషన్, గూడ పెట్టిద్దాం."

"స్టేజి మారిందా మేడం?" రెడ్యా అడిగాడు.

"నాలుగే. మొదటి సంది నాలుగే. జాగ పెరిగింది."

వాడు తల ఊపాడు. ఈసారి బస్సు మాట ఎత్తలేదు.

వాళ్ళు బయటికి వెళ్ళాక నేను ఆగాను. ఎన్నాళ్ళుగానో గొంతులో ఉన్నదాన్ని అడిగాను. "మేడం, నేను సప్పుడు చెయ్యకుండ ఉన్న ఇరవై తొమ్మిది దినాలల్ల వానికి ఎంత చెడ్డ జరిగింది? అప్పుడే చెప్పి ఉంటే తలకు పోకపోవునా?"

ఆమె అబద్ధం చెప్పి ఓదార్చవచ్చు. చెప్పలేదు. "నాకు తెల్వదమ్మా. అప్పటికే పోయి ఉండొచ్చు. పోకపోయి ఉండొచ్చు. ఏ పరీక్ష గూడ గది చెప్పది."

ఇప్పటికి కొత్త గోలి తొమ్మిది నెలలుగా వేసుకుంటున్నాడు. తలనొప్పి తగ్గింది. నడక కుదుటపడింది. దీపావళి ముందు తీసిన రక్తంలో తునకలు తగ్గాయి. మంగ్లీ నాతో అవసరమైనంత మాట్లాడుతోంది. ఆమెను నేను తప్పు పట్టను. రెడ్యా ఆ నెల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నిన్న మళ్ళీ రక్తం ఇచ్చి వచ్చాడు. ఇప్పుడు తోడుగా మంగ్లీ పోతుంది. నేను వాకిట్లో బస్సు కోసం చూస్తూ కూర్చుంటాను. రిపోర్టు వచ్చే పన్నెండు రోజులూ నాకు పొద్దునా ఇరవై తొమ్మిది, సాయంత్రమూ ఇరవై తొమ్మిది. మీలో ఎవరి ఇంట్లోనైనా ఇలాంటి రక్తం ఇవ్వాల్సిన మనిషి ఉంటే, ఎంత నొప్పయినా ఆ మనిషి చెయ్యే చాపనివ్వండి. ఒకవేళ నాలా చేసి ఉంటే, మీ వాళ్ళు నవ్వుతున్నా సరే, ఆ నవ్వు మధ్యలోనే చెప్పండి.

తుల్సీబాయి, వయసు యాభై ఏడు. ఇప్పుడు ఉండేది పెద్దవంగర మండలంలోని మా తండాలో, తమ్ముడి ఇంటి ఎదుట.